శంఖం పీతల ఇల్లు

ఇష్తియాక్ గుప్పెడు ఇసుక తీసి పిసికి చూశాడు. ముద్ద కట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి పొడిపొడిగా రాలిపోయింది.

“తడి చాల్లేదు,” అన్నాడు.

వంటింట్లో అతని భార్య ఫరహత్ గిన్నెలు తోముతూనే ఉంది.

చెంబులో నీళ్ళు తెచ్చి తొట్టిలో ఇసుక మీద చిలకరించాడు. అవి రెండు రోజులు బక్కెట్లో నిలవబెట్టిన నీళ్ళు. పంపులో వచ్చినవి వచ్చినట్టు పోయకూడదు. వాటిలో కలిపే మందు శంఖం పీతలకి పడదు.

పటమటలో వాళ్ళది రెండు గదుల వాటా. ముందు గదిలో కిటికీ పక్క గోడంతా ఆ అద్దాల తొట్టే. ఇష్తియాక్ పని ఆటోనగర్‌లో బస్సులకి అద్దాలు బిగించడం. షాపులో మిగిలిన ముక్కలు తెచ్చి, అంచులు నూరి, తనే అతికించాడు. అడుగున జానెడు ఇసుక, కొబ్బరిపొట్టు. ఎక్కడానికి ఓ ఎండుకొమ్మ. ఒక చిప్పలో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో సముద్రపు నీళ్ళు. ఓ మూల చిన్నా పెద్దా ఖాళీ శంఖాలు. చెమ్మ బయటికి పోకుండా పైన అద్దం మూత.

ఇవన్నీ రాసిపెట్టింది వాళ్ళ షహనాజ్. ఆరో తరగతి పిల్ల. నెట్ సెంటర్లో కూర్చుని, ఇంగ్లీషులో ఉన్నది టీచర్ని అడిగి అర్థం చేసుకుని, తెలుగులో నాలుగు పేజీలు రాసుకుంది. ఆ పేజీలు తొట్టి పక్కనే గోడకి అతికించి ఉన్నాయి.

“షహనాజ్ వచ్చేసరికి ఇందులో ఒక్క వంక ఉండకూడదు,” అనేవాడు ఇష్తియాక్.

ఆ మే నెల మొదట్లో పై వాటాలోకి అమలమ్మ అద్దెకొచ్చింది. గుంటూరులో నర్సుగా రిటైరైన మనిషి. వచ్చిన రోజే మంచినీళ్ళ కోసం కిందికి దిగి, తొట్టి చూసి ఆగిపోయింది.

“ఇదేంటి బాబూ, చేపల తొట్టా?”

“కాదండీ, శంఖం పీతలకి. వేరే జీవాలు వదిలేసిన శంఖాల్లో దూరి బతుకుతాయి. ఒళ్ళు పెరిగితే ఇంకో పెద్ద శంఖంలోకి మారిపోతాయండీ.”

“ఒక్కటీ కనపడదేం?”

“కుబుసం విడిచేటప్పుడు ఇసుక అడుక్కి పోతాయండీ. ఒక్కోసారి రెండు నెలలు పైకి రావు. అప్పుడు కదిపితే చచ్చిపోతాయి.”

అమలమ్మ గోడ మీది పేజీలు చదివింది. “గుండ్రంగా ఎంత బాగా రాసిందమ్మా మీ పిల్ల! ఏదీ, కనపడదు?”

“బందరు వెళ్ళింది ఆంటీ. మా చెల్లెలింటికి,” అంది మంచినీళ్ళు తెచ్చిచ్చిన ఫరహత్.

“సెలవులేగా. తిరగనియ్యి.”

ఫరహత్ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రెండు వారాలకోసారి ఆదివారం ఇష్తియాక్ డబ్బా పట్టుకుని బందరు బస్సెక్కేవాడు, సముద్రపు నీళ్ళకని. పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని వచ్చేవాడు కాదు. ముఖం నల్లగా కమిలిపోయి, ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉండేది.

“ఒక్క డబ్బా నీళ్ళకి రోజంతానా?” అంది ఓసారి అమలమ్మ. “పోనీ, వస్తూ వస్తూ పిల్లని వెంటబెట్టుకు రాకపోయావా?”

“వస్తే తీసుకురానా అండీ,” అన్నాడు ఇష్తియాక్.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం షాపు వదిలేసి ఇంటికొచ్చి తొట్టి పక్కన కూర్చుని విసరడం మొదలుపెట్టాడు. షాపు యజమాని రామకోటేశ్వరరావు రెండు వారాలు చూసి, స్వయంగా ఇంటికొచ్చాడు.

“పీతలకి విసురుతూ కూర్చుంటే బస్సులకి అద్దాలెవరు బిగిస్తారయ్యా? నీ కష్టం నాకు తెలీదా? అయినా ఎన్నాళ్ళని ఊరుకోను? ఆ తొట్టి తీసెయ్. రేపట్నుంచి పనిలోకి రా.”

ఇష్తియాక్ తల వంచుకుని విన్నాడు. మర్నాడూ వెళ్ళలేదు. సోమవారం అతని స్థానంలో ఇంకొకరు చేరారు.

రోహిణి కార్తెలో వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మూడు రోజులు కరెంటు లేదు. గది పొయ్యిలా అయింది. ముప్పై డిగ్రీలు దాటకూడదని షహనాజ్ రాసింది. తొట్టిలోని థర్మామీటరు ముప్పై ఎనిమిది చూపిస్తోంది. ఇష్తియాక్ గోనెసంచులు తడిపి అద్దాల చుట్టూ కప్పాడు. అవి అరగంటకల్లా ఎండిపోయేవి. మళ్ళీ తడిపాడు. విసనకర్ర పట్టుకుని విసిరాడు. అన్నం ముట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు.

ఫరహత్ కేకకి అమలమ్మ పరుగున దిగొచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. చొక్కా విప్పించి తడిగుడ్డలు పరిచింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళతో పెదాలు తడిపింది. కాసేపటికి గాని అతను కళ్ళు తెరవలేదు.

“ఇసుక... తడి చూడండి,” అన్నాడు.

అమలమ్మ తొట్టి మూత మీద చెయ్యి వేసింది.

“అడుగున ఇసుక కదపకండి,” అని ఏడ్చాడు ఇష్తియాక్. ఏడుస్తూనే నిద్రపోయాడు.

అమలమ్మ ఫరహత్‌ని వసారాలోకి తీసుకెళ్ళింది.

“ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేశానమ్మా. చెప్పక తప్పదు. ఆ పీతలు ఎప్పుడో చచ్చిపోయుంటాయి. వాటి కోసం నీ మొగుడు కూడా పోయేలా ఉన్నాడు. మనం చెప్తే వినడు. పిల్లని బందరు నుంచి పిలిపించు. తొట్టి తీసెయ్యి నాన్నా అని అది ఒక్క మాటంటే వింటాడు.”

ఫరహత్ గది తలుపు దగ్గరికి లాగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

“అందులో ఎప్పుడూ ఒక్క పీతా లేదు ఆంటీ, వాటిని ఏరుకొస్తానని బందరు దగ్గర మంగినపూడి సముద్రంలోకి దిగిన మా షహనాజ్, కిందటి డిసెంబర్లో సునామీ వచ్చిన పొద్దుట్నుంచీ ఇంకా దొరకలేదు.”