ఖర్చుల పట్టీ

ఖర్చుల పట్టీని కచేరీ గుమాస్తా మూడోసారీ విసిరికొట్టాడు. లెక్క సరిగా లేదు, పొమ్మన్నాడు.

సౌభాగ్యానికి ఒళ్లు మండింది.

సారం అనే ఊళ్లో ఆమెకున్నది రెండెకరాల మెట్ట. దాన్ని మాగాణి అని రాసి మూడేళ్లు మూడింతల పన్ను పిండారు. ఎడ్లను కుదువ పెట్టి ఫ్రెంచివాళ్ల సర్కారు మీద దావా వేసింది. కోర్టులో అంతా ఫ్రెంచిలోనే జరిగింది. గెలిచావని వకీలు చెబితేనే ఆమెకు తెలిసింది. దావా ఖర్చులు కూడా సర్కారే ఇవ్వాలని తీర్పు. వానలు పడేలోగా ఆ డబ్బు రాకపోతే ఎడ్లు దక్కవు.

పన్ను గుంజేటప్పుడు లేని లెక్కలన్నీ తిరిగిచ్చేటప్పుడే పుట్టుకొస్తాయి ఈ కచేరీలకు.

వరండాలో మాసిన కోటు వేసుకున్న ముసలాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. పట్టీ ఇటివ్వమని చెయ్యి చాపాడు.

"నీ వాటా ఎంతయ్యా?" అంది సౌభాగ్యం. కచేరీ గుమ్మంలో తచ్చాడే దళారులను ఆమె చాలామందిని చూసింది.

"ఏమీ వద్దమ్మా."

ఆమె నమ్మలేదు. కానీ ఫ్రెంచి రాయడం తనకు రాదు, ఇచ్చింది. అతను రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది. సర్కారును తిట్టింది, గుమాస్తాను తిట్టింది. చివరికి అసలువాడి దగ్గరికి వచ్చింది.

"నా మెట్టను మాగాణి అని రాసినోడి చెయ్యి పడిపోను. వాని కొంపలో దీపం పెట్టే దిక్కు లేకపోను."

కలం ఆగింది. ముసలాయన తలెత్తలేదు.

"స్టాంపు కాగితాల ఖర్చు మరిచిపోయినావమ్మా. సాక్షుల బండి కూలి కూడా. రెండూ వేస్తా ఉండాను."

రాయడం కాగానే ఆమె పట్టీ లాక్కుని లోపలికి పోయింది. ఒక మంచి మాటైనా అనలేదు. ఈసారి గుమాస్తా నోరెత్తకుండా తీసుకున్నాడు.

నెల తిరక్కుండా దమ్మిడీ తగ్గకుండా డబ్బు వచ్చింది.

"సర్కారు దిగొచ్చిందే" అంది సౌభాగ్యం కసిగా.

గుమాస్తా నవ్వాడు. "సర్కారు యాడ ఇస్తాదమ్మా? తప్పు రాసినాయన పింఛన్లో కోసినారు. రాసింది తప్పని ఆయనే పోయి జడ్జి ముందర ఒప్పుకున్నాడు. అందుకే నువ్వు గెల్చినావు."

తగిన శాస్తి జరిగిందనుకుంది ఆమె. ఆ మొహం ఒకసారి చూడాలి, యాడుంటాడని అడిగింది.

పేరు అయ్యాసామి అనీ, ఒర్లియంపేటలో ఇల్లు అమ్ముకుని మొన్ననే ఊరొదిలి పోయాడనీ గుమాస్తా చెప్పాడు.

"మొహం నువ్వు చూసిందే గదమ్మా. ఆ పొద్దు వరండాలో నీ పట్టీ రాసిచ్చింది ఆయనే."