సబ్బాతునాడు కెజియా నిరసన

గుంటూరు దగ్గరి యూదుల పేటలో ఇప్పుడు నిరసనలకు మనుషులెవరూ వెళ్లడం లేదు. ఎక్కడ అన్యాయం జరిగినా ఇంటి మరబొమ్మే వెళ్లి నినాదాలిచ్చి వస్తుంది.

పాకీ పనివాళ్ల గుడిసెలు కూల్చడానికి పొక్లెయిన్ సరిగ్గా సబ్బాతునాడే వచ్చింది. ఆ శనివారం యూదులు యంత్రాలను ముట్టుకోకూడదు.

"రేపు బొమ్మల్ని పంపిద్దాంలే కెజియమ్మా," అన్నాడు ప్రార్థనామందిరం పెద్ద షెమూయేలు. "ఇయ్యాల విశ్రాంతి దినం గదా."

"రేపటికి గుడిసెలుంటయ్యా? సెలవు బొమ్మకి, నాక్కాదు," అంటూ ముసలి కెజియా చెప్పులేసుకుని బయల్దేరింది.

పొక్లెయిన్‌కు అడ్డంగా కూర్చున్న ఆమెను చూసి అధికారి తికమకపడ్డాడు. బొమ్మలైతే ఆపేసి లారీలో పడేసేవాడు.

"మామ్మా, నీ స్విచ్ ఎక్కడుంది?"

"మా ఆయనా బతికున్నన్నాళ్లూ ఎతికాడయ్యా."

సాయంత్రానికి పొక్లెయిన్ వెనక్కి మళ్లింది. అప్పటికి షెమూయేలు కూడా వచ్చి ఆమె పక్కన చతికిలబడి ఉన్నాడు.