గుమ్మం కాడి మనిషి

కొత్త తివాచీ మీద పిల్ల కక్కింది.

ఆసిఫాబాద్ బస్సు దిగి, తల్లి వెంట నేరుగా వచ్చిన పిల్ల. పదో తరగతి లెక్కల్లో తప్పింది. మళ్లీ పరీక్ష రాయించడానికి తల్లి దేవవ్వ ఆ పిల్లను కరీంనగర్‌లోని ఈ ట్యుటోరియల్‌కు తెచ్చింది.

గులాబీ పువ్వు ఇవ్వబోయిన రిసెప్షన్ అమ్మాయి ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

గుమ్మం పక్కన కూర్చున్న ముసలాయన లేచాడు. పేరు కొమురెల్లి. భుజం మీది తువ్వాలతో తివాచీ తుడిచాడు. రెండో కొసతో పిల్ల మూతి తుడిచాడు.

"ఏం గాదు బిడ్డా. పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

"లే తాతా."

"గందుకే."

తువ్వాల నల్లా నీళ్ల కింద పిండుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు.

యజమాని శ్యాంసుందర్‌రావు లోపలి నుంచి అది చూశాడు.

ఎనిమిదేళ్ల ట్యుటోరియల్ ఆయనది. ఈ ఏడు రోడ్డుకు అవతల ఇంకొకటి తెరిచారు. నెల తిరిగేలోగా సీట్లు నిండకపోతే మూసుకోవలసిందే. అందుకే హైదరాబాద్ పోయి పెద్ద కోచింగ్ సెంటర్లు నాలుగు చూసివచ్చాడు. సోఫా కొన్నాడు. తివాచీ పరిచాడు. గుమ్మంలో పన్నీరు చల్లించాడు. వచ్చినవాళ్ల పేరు, ఊరు చీటీ మీద రాయించి లోపలికి తెప్పించుకుంటున్నాడు.

"వచ్చినోడు సచ్చిందాక యాది మరువద్దు," అని బావమరిది లింగారావుకు రోజూ చెప్పేవాడు.

చీటీ చూసుకుని, చేతులు జోడించి బయటికి వచ్చాడు.

"రండి దేవవ్వమ్మగారూ! మీ దిక్కు వానలు మంచిగ పడ్డయా?"

ఇంకో దేవవ్వ ఎవరైనా వచ్చిందేమోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది.

సోఫాలో కూర్చోలేదు. షర్బత్ ముట్టలేదు. కొమురెల్లి ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఆయన పక్కనే నేల మీద కూలబడింది.

"అన్నా, నువ్వుంటవని మా రాయమల్లు మామ చెప్పిండు."

"ఉంట. నువ్వు ఫికర్ జెయ్యకు."

పిల్లను హాస్టల్లో చేర్పించి పోయింది.

సాయంత్రం శ్యాంసుందర్‌రావు లింగారావును పిలిచాడు.

"ఆ ముసలోన్ని ఎల్లగొట్టు. కక్కు తుడిచిన గుడ్డ మళ్ల భుజానేసుకుంటడు. థూ!"

"పాత మనిషి గద బావా."

"పాత మనిషైతే? పన్నీరు సల్లుడెందుకు, పక్కన పెంటకుప్పను కూసోవెట్టుకునుడెందుకు?"

గుమ్మం దగ్గర ఆ మాటలు వినపడ్డాయి.

"సారూ, లోపలికి రాను," అన్నాడు కొమురెల్లి. "రోడ్డు మీదనే ఉంట. రిజల్టుల నాడన్న జర..."

"రిజల్టుల నాడు ఫొటోలు తీసెటోళ్లస్తరు. ఆ నాడైతే నువ్వసలే కనవడొద్దు!"

ముసలాయన లేచాడు. చెప్పులు వేసుకుని పోయాడు.

మర్నాటి నుంచి గుమ్మంలో యూనిఫాం వేసిన ప్యూను నిలబడ్డాడు. గులాబీలు తాజాగా వచ్చేవి. పన్నీరు రెండు పూటలా చల్లారు.

ఊళ్ల నుంచి తల్లులు, తండ్రులు వచ్చారు. గుమ్మంలో అటూ ఇటూ చూశారు. ప్యూనును ఏదో అడిగారు. సోఫాలో ఒక మూలకు కూర్చుని షర్బత్ తాగి, "మళ్లొస్తం సారూ," అని లేచారు.

ఎవరూ మళ్లీ రాలేదు. కొందరు రోడ్డు దాటి అవతలికి పోయారు.

మూడో వారం దేవవ్వ వచ్చి పిల్ల బట్టలు మూట కట్టసాగింది.

శ్యాంసుందర్‌రావు పరుగున వచ్చాడు. చీటీ లేదు. పేరు గుర్తుకు రాలేదు.

"అమ్మా, ఏం తక్కువైంది? తిండా? సదువా?"

"ఏం తక్కువ గాలే సారూ. కొమురెల్లన్న లేడు."

"ఆ కంపు ముసలోడా? మంచి ప్యూనును పెట్టినం గద!"

"ఫేలైన పిల్లలను గీ ప్యూను ఇంటిదాక తోలుకొస్తడా?"

ఆయనకు అర్థం కాలేదు.

"రిజల్టుల నాడు మీ బోర్డు కాడ గాయన నిలవడుతుండె. ఎవల మొఖం మాడిపోతే వాళ్ల చెయ్యి వట్టుకునుడే. బస్సెక్కి, ఇల్లు చేర్చి, అవ్వ చేతులవెట్టి, 'ఒక్క మాటనకుండ్రి' అని చెప్పి మర్లుతుండె. మా రాయమల్లు మామ మనుమన్ని గట్లనే తెచ్చిండు. గందుకే గింత దూరం తెచ్చిన నా బిడ్డను. మీ పువ్వుకు రాలే."

శ్యాంసుందర్‌రావు బావమరిది వైపు తిరిగాడు.

"నువ్వు జెప్తెనే చేస్తుండెనా ఇదంత?"

"నేనెందుకు జెప్త బావా? నువ్వు పెట్టుకున్న మనిషి గద."

"నేనా? నువ్వు పెట్టినవని గద నేననుకుంటున్న!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్యూను గోడ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

"కూరగాయల మార్కెట్ల మూటలు మోసి బతుకుతడు," అంది దేవవ్వ. "గీడికి ఎవలు పిలువకుంటనే వస్తుండె."

"ఎందుకు? ఎవరాయన?"

"రాజలింగును కన్న బాపు."

"ఏ రాజలింగు?"

దేవవ్వ మూట ముడి వేయడం ఆపింది. ఆయన మొహంలోకి చూసింది. కాండ్రించి ఉమ్మబోయి, కింద తివాచీ చూసి మింగేసింది.

"మీ మొదటి బ్యాచి పిల్లగాడు సారూ, బోర్డు మీద నంబరు లేదని సూసి గీ గుమ్మంలకెల్లి ఒక్కడే నడిచిపోయినోడు, ఇల్లు చేరలే."