పాత వ్యాను బేరం

ఆ మధ్యాహ్నం పరుపుల కొట్టాయన చేతిలో ఉన్నది రెండు లక్షల నలభై వేలు. కొత్త వ్యానుకు బయానా.

ఒకటో తారీఖు నుంచి ధర మళ్ళీ పెరుగుతుందని షోరూమువాళ్ళు ఫోన్ చేశారు. పదకొండేళ్ళ కిందట పాత వ్యానును కొత్తగా కొన్నప్పుడు మూడు లక్షల ఇరవై వేలు అయింది. ఇప్పుడు అదే రకం, రంగు కూడా అదే, తొమ్మిది లక్షలు. ఆయన రూపాయి కూడబెట్టేలోగా బండి రెండు రూపాయలు పెరిగేది. ఈసారి ఎలాగైనా దాన్ని అందుకోవాలనుకున్నాడు.

వ్యాను కొట్టు ముందు నిలిపి, తాళం దానికే వదిలి, ఇనప్పెట్టెలో డబ్బు తీసుకుందామని లోపలికి వెళ్ళాడు. భార్య వ్యాను వెనక తలుపు మెల్లిగా వేసి, సీసాలో నీళ్ళు నింపుకుందామని ఆయన వెనకే వచ్చింది.

ఇద్దరూ బయటికి వచ్చేసరికి వ్యాను లేదు. అది నిలబడ్డ చోట నల్లటి నూనె మరక ఉంది. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి!" పక్క కొట్టు టైలరు పరిగెత్తుకొచ్చాడు.

"వద్దు. వెంటపడితే వాడు వేగం పెంచుతాడు. ఏ లారీకో గుద్దుతాడు."

"గుద్దనీ అన్నయ్యా. ఆ డొక్కుకి కొత్తగా పోయే అందం ఏముంది?"

కొట్టాయన చూసిన చూపుకి టైలరు మెడలో టేపు సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఫోన్ మోగింది. వ్యాను పక్కన కొట్టు పేరూ నంబరూ పెద్దక్షరాలతో రాయించింది ఆయనే. ఆ నంబరుకే చేశాడు దొంగ.

"బాబాయ్, నీ బండి నా దగ్గరుంది. నాలుగు లక్షలు."

కొట్టాయన స్టూలు మీద కూలబడ్డాడు. గొంతు మాత్రం బేరం గొంతే.

"నాలుగా? నేను కొన్నదే మూడూ ఇరవై, నాయనా. పైగా పదకొండేళ్ళు అరిగింది."

"అది అప్పటి ధర. ఇప్పుడు కొత్తది ఎంతో కనుక్కున్నావా? తొమ్మిది! అన్నీ పెరిగాయి బాబాయ్. మా రేటు మాత్రం పెరగొద్దా?"

"తుక్కుకి వేస్తే నీకు అరవై వేలు కూడా రాదు."

"కొత్తది నీకు తొమ్మిదికి తక్కువ రాదు. ఆ అరవైకీ ఈ తొమ్మిదికీ మధ్య ఎక్కడో ఒకచోట ఆగుదాం."

లెక్క తెలిసిన దొంగ. కొట్టాయన వీపు మీద చెమట కారింది. లెక్క తెలిసినవాడు చేతికి వచ్చిన సరుకంతా చూసుకుంటాడు.

అనుకున్నట్టే అడిగాడు. "వెనకేముంది?"

"పాత పరుపులు. దూది ఏకించడానికి వచ్చినవి. నిండా నల్లులు. తలుపు తీశావో, నెల్లాళ్ళు గోక్కుంటూ కూర్చుంటావు."

"ఛీ! నీ నల్లులు నువ్వే ఉంచుకో."

భార్య ఆయన భుజం పట్టి ఊపింది. "ఉన్నదంతా ఇచ్చేస్తానని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

ఆయన ఫోన్ మీద అరచెయ్యి మూశాడు. "అడిగినంతా ఇస్తే ఇంకేదో ఉందనుకుంటాడే!"

అందుకే బేరం ఆడాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అంత వణుకుతూ ఎప్పుడూ బేరం ఆడలేదు. ఒకటిన్నర అన్నాడు. వాడు మూడు అన్నాడు. బ్రేకులు సరిగ్గా పడవు, మెల్లగా నడపమన్నాడు. హారన్ కొడితే వైర్లు కాలతాయి, ముట్టుకోవద్దన్నాడు. ఎండలో పెడితే రంగు పెచ్చులూడుతుంది, నీడ చూసి ఆపమన్నాడు.

దొంగ పగలబడి నవ్వాడు. "పిల్లని అత్తారింటికి పంపుతున్నట్టు ఇన్ని జాగ్రత్తలేంటి బాబాయ్!"

రెండు లక్షల పది వేల దగ్గర బేరం తెగింది. పాత బస్టాండు వెనక విరిగిన బెంచీ కింద డబ్బు పెట్టి వెళ్ళిపోవాలి. లెక్కపెట్టుకున్నాక బండి ఎక్కడుందో చెబుతాడు.

టైలరు స్కూటరు తీశాడు. భార్య నీళ్ళ సీసా ఆయన చేతిలో కుక్కింది. "చల్లవే పోశాను," అంది.

డబ్బు పెట్టేసి మలుపు దగ్గర నిలబడ్డారు. తారు రోడ్డు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. ఫోన్ మోగలేదు. ఆయన ఒకసారి సూర్యుడి వైపు, ఒకసారి ఫోన్ వైపు చూశాడు.

"కాసిని నీళ్ళు తాగు అన్నయ్యా. కళ్ళు తిరిగి పడేలా ఉన్నావు."

ఆయన సీసా మూత తియ్యలేదు.

చివరికి మోగింది.

"లెక్క సరిపోయింది. ధాన్యం గోదాము వెనక నీడలోనే పెట్టాను. ఎంత పిసినారివయ్యా బాబూ!"

వ్యాను అక్కడే ఉంది. టైలరు చుట్టూ తిరిగి చూశాడు. "గీత కూడా పడలేదు. కాకపోతే నీ కొత్త బండి బయానా హుష్‌కాకి. అది పదికి చేరాకైనా కొంటావా?"

ఆయనకి వినపడలేదు. వెనక తలుపు గడియ మీద చెయ్యి రెండుసార్లు జారింది. మూడోసారికి గడియ ఊడొచ్చింది.

ఇచ్చింది రెండు లక్షల పది వేలు; వచ్చింది, పరుపుల మధ్య జుట్టంతా చెమటకి అతుక్కుపోయి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, ఇంకా నిద్రపోతూనే ఉన్న నాలుగేళ్ళ మనవరాలు.