రోజుకో వాక్యం

"నొప్పి ఎప్పట్నుంచి మాస్టారూ? సరిగ్గా చెప్పండి. దాన్ని బట్టే వైద్యం," అంది డాక్టరమ్మ.

"ఇవాళ పొద్దున్నే. తొమ్మిదీ పదికి," అన్నాడు మాస్టారు. పదిహేనేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్న మనిషి. టైము తప్పు చెప్పడు.

"అంతకు ముందు?"

"ఏమీ లేదు. నొప్పి అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు."

అద్దం తలుపు అవతల ఆయన భార్య ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడి ఉంది. నర్సు ఏదో కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. మాస్టారు జేబులోంచి పెన్ను తీశాడు.

"ఎర్ర సిరా పనికిరాదు సార్. నీలిది లేదా?"

గోడకానుకుని నిలబడ్డ బావమరిది తన పెన్ను అందించాడు. వెల్డింగు షాపు నుంచి ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చాడు. చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులు.

"అక్క చెప్పలేదంటే నేను నమ్మను బావా."

"చెబితే వినకపోవడానికి నాకేమైనా చెవుడా?"

"ఇంట్లో తెలుగులో మాట్లాడితే మీరు పలకరు కదా. నాలుగు నెలల్నుంచి మీ ఇంట్లో ఉప్పడగాలన్నా ఇంగ్లీషే."

"దాని మంచికే చెప్పా. నలుగురిలో నోరు విప్పలేక నా పరువు తీస్తుంటే..."

"పోట్లాట తర్వాత పెట్టుకోండి," అంది డాక్టరమ్మ. "పాత చీటీలేమన్నా ఉన్నాయేమో ఆవిడ సంచీలో చూడండి."

"స్పృహ తప్పేదాకా ఈ సంచీ వదల్లేదండీ," అంటూ నర్సు తెచ్చిచ్చింది. బావమరిది దాన్ని బల్ల మీద బోర్లించాడు. కళ్లజోడు, తాళంచెవి, ఒక నోటు పుస్తకం. మందుల చీటీ ఒక్కటీ లేదు.

"ఆ పుస్తకం నేనిచ్చిందే," అన్నాడు మాస్టారు. అంతటి కంగారులోనూ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. "టైముకు సంబంధించిన ఇంగ్లీషు మాట రోజుకొకటి ఇస్తాను. అది వాడి ఒక వాక్యం రాయాలి. ఒక్క రోజు కూడా మానలేదు."

డాక్టరమ్మ ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. తర్వాత గబగబా తిప్పింది.

"ఏముందమ్మా అందులో? తెలుగులో చెప్పండి, నాకా భాష రాదు," అన్నాడు బావమరిది.

"'లేట్‌లీ'. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. 'ఫ్రమ్ టైమ్ టు టైమ్'. అప్పుడప్పుడూ ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోంది. 'ఆల్ నైట్'. రాత్రంతా గుండెను మెలిపెట్టినట్టుంది." ఆమె తలెత్తింది. "ఇరవై రెండు పేజీలు మాస్టారూ. తేదీలతో సహా."

మాస్టారు పుస్తకం మీదికి వంగాడు.

"నేను... ఆ మాట సరిగ్గా వాడిందా లేదా అన్నదే చూశాను."

లోపల మిషను ఆగకుండా కూత పెట్టింది. డాక్టరమ్మ పుస్తకాన్ని బావమరిది చేతిలో పడేసి పరిగెత్తింది.

అద్దం తలుపు మళ్లీ తెరుచుకోవడానికి పావుగంట పట్టింది. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. మెడలోని స్టెతస్కోపు తీసి చేత్తో పట్టుకుంది. అంతే.

బావమరిది ఏడవలేదు. పుస్తకంలో చివరి పేజీ, నిన్నటిది, తీసి మాస్టారు ముఖం ముందు పెట్టాడు.

"చదువు బావా. తెలుగులో చదువు."

మాస్టారు ఒక్కో మాట కింద వేలు పెట్టుకుంటూ చదివాడు.

"'బిఫోర్ ఇట్ ఈజ్ టూ లేట్'. చెయ్యి దాటకముందే... నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండి."

ఆ వాక్యం పక్కన ఎర్రటి టిక్కు ఉంది. దాని కింద ఎర్ర సిరాతోనే ఇంకో ముక్క ఉంది. అది చదవడానికి బావమరిదికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. పెళ్లాం బుర్రకు బాగా ఎక్కాలని మాస్టారు దాన్ని తెలుగులోనే రాశాడు:

"పదికి పది. కానీ రోజూ ఈ రోగాల గోలేనా? రేపట్నుంచి వేరే సంగతేదైనా రాయి."