శుక్రవారం గాలి

మా కాలనీ కూలింగ్ మెకానిక్ ఏడుకొండలును ఈ జన్మకి క్షమించను.

ఎండలకు మా రెంటచింతలలో ప్రతి ఇంటి కిటికీలూ సీలు వేసి తొమ్మిదేళ్లయింది. అందుకే మా ఆవిడ మస్తానమ్మ శుక్రవారం తలంటుకుని, కూలింగ్ ఫ్యానుకెదురుగా కుర్చీ వేసుకుని జుట్టు ఆరబెట్టుకునేది. ఇంటి కూలింగ్ మిషను ఆ అలవాటు నేర్చుకుంది. ఆవిడ పోయి రెండేళ్లయినా, శుక్రవారం ఏడింటికి ఫ్యాను దానంతటదే ఇరవై రెండు నిమిషాలు గట్టిగా తిరిగేది. నేను కుర్చీ వేసేవాణ్ణి.

"ఖాళీ కుర్చీకి గాలెందుకు బాబాయ్? పాత అలవాట్లన్నీ చెరిపేసి ఆటోమేటిక్‌లో పెట్టా. ఇల్లు చల్లబడగానే ఆగిపోద్ది," అన్నాడు మొన్న సర్వీసింగుకొచ్చిన ఏడుకొండలు.

"మళ్లీ తెప్పించరా."

"చెరిపింది రాదు. నువ్వే స్విచ్చి నొక్కుకో."

"నేను నొక్కితే అది నా గాలే కదరా!"

నాకు పోయింది వారానికి ఇరవై రెండు నిమిషాలు.