సూది మొన

"తలుపెయ్యకు నాయనా! పొద్దున మీ ఆవిడ కొన్న బొంతలో సూది ముక్క ఉండిపోయింది!"

తలుపు సందులోంచి చూస్తున్న అతని ముఖం పాలిపోయింది గానీ తలుపు మాత్రం తెరుచుకోలేదు. బొంతలత్త కాలు గడప మీద పెట్టేసింది. జబ్బుపడ్డ పసిపిల్లలకు వైద్యం చేయించే సంఘం కోసం ఏటా చిట్టి బొంతలు కుట్టి అమ్మి పెట్టడం ఆవిడ పని. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

విరిగిన సూది ముక్కలు రెండూ దొరికితే గానీ కుట్టిన బట్ట పక్కన పెట్టకూడదని పదిమందికి నేర్పిన మనిషి, ఈసారి తొందరలో తనే ఆ మాట మరిచింది. మిషన్ కింద వెతికింది, అమ్ముడుపోని బొంతలన్నిటి మీదా అయస్కాంతం తిప్పింది. మొన దొరకలేదు. అమ్ముడైంది ఇదొక్కటే. ఈ ఇంటి ఇల్లాలు ఏటా అందరికంటే ముందే వచ్చి, పురిటిబిడ్డకు సరిపోయే బొంత ఏరుకుపోయేది. ఇల్లంతా పిల్లలే కాబోలని బొంతలత్త నవ్వుకునేది కూడా.

"బాబు పడుకున్నాడు అత్తయ్యా. రేపు రండి," అన్నాడతను గొంతు తగ్గించి.

"రేపా? వాడు నిద్రపోతున్నాడని సూది ఊరుకుంటుందా?"

అతన్ని తోసుకుని లోపలికి నడిచింది. ఇల్లు అద్దంలా ఉంది. దండెం మీద ఒక్క తడిగుడ్డ లేదు. పాల వాసన లేదు. పక్కగదిలో ఉయ్యాల మాత్రం కిర్రు కిర్రుమంటోంది. బొంతలత్త అటు పరుగెత్తింది.

ఉయ్యాల ఊపుతున్న ఇల్లాలు తలెత్తి, పెదవుల మీద వేలుంచింది. "మెల్లగా అత్తయ్యా. ఇప్పుడే కళ్లు మూశాడు."

"ఏడ్చాడా తల్లీ? పొద్దుట్నించీ ఒక్కసారైనా కెవ్వుమన్నాడా?"

"వాడసలు ఏడవడు."

ఏడవని పసిబిడ్డ ఎక్కడైనా ఉంటాడా? నా చేతులారా ఎంత ఘోరం చేశానో అనుకుంటూ బొంతలత్త ఉయ్యాల దగ్గరికి జరిగింది.

"ఒక్కసారి చూడనీ అమ్మా. వాడికేమైనా అయితే నేను బతకలేను."

"ముట్టుకోవద్దు!"

ఇల్లాలి గోళ్లు బొంతలత్త మణికట్టులో దిగాయి. వెనకే వచ్చిన భర్త చేతులు జోడించాడు. "మీకు దణ్ణం పెడతాను, వెళ్లిపోండి. ఆ బొంత అలాగే ఉండనివ్వండి."

"ఎందుకుండనివ్వాలి? ఏం చేశారు బిడ్డని?"

ఇల్లాలు రెండో చేత్తో ఊపడం ఆపలేదు.

ఇక లాభం లేదనుకుంది బొంతలత్త. ఆమె చెయ్యి విదిలించుకుని పైనున్న బొంతను ఒక్క లాగు లాగింది. వేలికి చురుక్కుమని గుచ్చుకుంది. అంచు కుట్టులో ఇరుక్కున్న మొన, దాని పక్కనే ఆవిడ నెత్తురు చుక్క. ప్రాణం లేచొచ్చింది.

"దొరికింది తల్లీ! నీ బిడ్డకు గండం గడిచింది!"

ఆనందంతో బిడ్డను చూద్దామని వంగింది.

ఉయ్యాల నిండా ఆవిడ ఏటేటా కుట్టిన బొంతలే.